కానుకల పద్దు

బీరువా తలుపు తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమన్నది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చిన తరువాత, నాన్నగారికి చలిగా ఉన్నదని, లోపలి గదిలోని బీరువాలోనుంచి ఉన్ని శాలువా తీసుకురమ్మని అమ్మ నన్ను పంపింది. నాకు ఊహ తెలిసిననాటినుంచి ఆ ఇనుప బీరువా ఆ గదిలో ఆ మూలనే ఉన్నది. ఏడాది పొడవునా తాళం వేసి ఉండే దాని కింది అర మా చిన్నతనంలో డిసెంబరు నెలలో మాత్రమే తెరుచుకునేది. మా కొత్త బట్టల గుడ్డ దర్జీ దగ్గరకు వెళ్ళేదాకా అందులోనే ఉండేది. అందువల్ల మా ముగ్గురు పిల్లలకూ కలరా ఉండల వాసన అంటే పండుగ దగ్గరపడిందని అర్థం. మరికొద్ది నెలల్లో అరవై నిండబోతున్న నేను ఆ తలుపు పట్టుకుని, శాలువా సంగతి మరచిపోయి, కొంతసేపు అలాగే నిలబడిపోయాను.

శాలువా పై అరలోనూ లేదు, కింది అరలోనూ లేదు. మడతపెట్టిన తెల్ల చీరల అడుగున వెతుకుతున్నప్పుడు ఒక పాత హాజరుపట్టీ చేతికి తగిలింది. నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసిన రోజుల్లో, కొత్త సంవత్సరం పట్టీలు వచ్చాక వాడకుండా మిగిలిపోయిన వాటిని ఇంటికి తెచ్చేవారు. పిల్లల పేర్లు ఉండవలసిన ఎడమవైపు గడిలో, అమ్మ గుండ్రని చేతిరాతతో, మేము ఏ క్రిస్మస్‌కు ఏమి తెచ్చి ఇచ్చామో వరుసగా రాసి ఉన్నది. కుడివైపు గడిలో మనుషుల పేర్లు ఉన్నాయి. కొంతసేపటికిగాని ఆ పేర్లు అక్కడ ఎందుకు ఉన్నాయో నాకు బోధపడలేదు. నేను వెతుకుతున్న శాలువా ఎదురుగా "చర్చి కాపలా తాతకు, రాత్రి మంచుకు" అని ఉన్నది.

గడచిన ముప్పయి అయిదేళ్ళుగా, నవంబరు నెల చివరికి వచ్చేసరికి నన్ను ఒకే ప్రశ్న వేధిస్తూ వచ్చింది. ఇల్లు ఉన్నది, పింఛను వస్తున్నది, తినడానికీ కట్టుకోవడానికీ లోటు లేదు, పైగా "మాకేమీ వద్దమ్మా" అనే మాట తప్ప మరొకటి రాని అమ్మానాన్నలకు పండుగకు ఏమి ఇవ్వాలి? ఆ ప్రశ్నకు జవాబు ఆ పట్టీలోనే, అమ్మ చేతిరాతలోనే, నాకు కనబడకుండా అన్నేళ్ళూ ఉన్నది.

* * *

మా చిన్నతనంలో కానుకలు మాకే వచ్చేవి. పెద్దవాళ్ళకు కానుక ఇవ్వాలన్న ఆలోచన మా ఎవరికీ ఉండేది కాదు. డిసెంబరు మొదటి వారంలో సైకిలు వెనుక బట్టల మూట కట్టుకుని మంగళగిరి నుంచి ఒకాయన మా వీధికి వచ్చేవాడు. వసారాలో చాప పరిచి, మూట ముడి విప్పి, ఒక్కొక్క తానును మోకాలి మీదుగా జారవిడిచి పరిచేవాడు. మొత్తం ముగ్గురికీ ఒకే తానులోనుంచి గుడ్డ కొనేవారు కనుక, పండుగనాడు గుడిలో మేము ఎవరి పిల్లలమో కొత్తవాళ్ళకు కూడా తెలిసిపోయేది. అమ్మ గుడ్డ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని నలిపి, ఉతికితే ఎంత కురచ అవుతుందో, రంగు దిగుతుందో లేదో చెప్పేది. అమ్మ గుంటూరులోని కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు శిక్షణ పొందింది. గుడ్డను, చర్మాన్ని, జ్వరాన్ని వేళ్ళతోనే కొలిచే అలవాటు ఆమెకు అక్కడ అబ్బినదని నాన్నగారు అనేవారు.

తన కోసం మాత్రం ఆ మూటలోనుంచి ఏమీ తీసుకునేది కాదు. నిజాం అంచు ఉన్న మంగళగిరి తెల్ల చీర ఒకటి ఉండేది, పండుగ ఆరాధనకు అదే. నాన్నగారికి అంచు లేని పంచె, ఇస్త్రీ చేసిన ఖద్దరు జుబ్బా. బట్టలమ్మే ఆయన ప్రతి ఏడూ "అమ్మగారూ, మీకొక్కటి తియ్యండి" అని అడగడం, అమ్మ "మాకున్నయ్యి లేవయ్యా" అని నవ్వడం నాకు పాటలాగా గుర్తుండిపోయింది. ఆ మాటను నేను ఆనాడే జాగ్రత్తగా విని ఉండవలసింది. అమ్మకు అప్పుడు ఉన్నవి మూడు చీరలు.

నక్షత్రం తయారీ నాన్నగారి పని. వెదురు బద్దలు చీల్చి, రెండు చుక్కల చట్రాలను ఎదురెదురుగా కట్టి, నడుమ పుల్లలు నిలబెట్టి, మైదాపిండి ఉడికించిన జిగురుతో రంగు కాగితం అంటించేవారు. దానికి తోకలు కత్తిరించడం మా వంతు. లోపల బల్బు పెట్టి వేపచెట్టు కొమ్మకు వేలాడదీస్తే, మంచు పడుతున్న తెల్లవారుజామున, గుడికి నడిచి వెళుతూ వెనక్కి తిరిగి చూసినప్పుడు వీధి మొత్తానికి మా ఎర్ర నక్షత్రం ఒక్కటే కనబడేది. ఇప్పుడు దుకాణాల్లో ప్లాస్టిక్ నక్షత్రాలు ఎన్నో దొరుకుతాయి. వాటి మీద నాకు కోపమేమీ లేదుగాని, ఉడికిన మైదా వాసన లేని నక్షత్రం నా దృష్టిలో నక్షత్రం కాదు.

కేకు మాత్రం ఇంట్లో అయ్యేది కాదు. కలిపిన పిండిని గిన్నెలలో పోసి, పైన గుడ్డ కట్టి, బజారులో రొట్టెల బట్టీ దగ్గరకు తీసుకువెళ్ళేవాళ్ళం. వీధివీధినుంచీ వచ్చిన గిన్నెలు అక్కడ వరుసలో ఉండేవి కనుక, మా గిన్నెకు అమ్మ ఎర్రదారం కట్టేది. గులాబీ పువ్వులు, అరిసెలు, జంతికలు మాత్రం ఇంటి పొయ్యి మీదనే అయ్యేవి. అవి డబ్బాల్లోకి చేరకముందే పళ్ళేలలో సర్దుకుని, మీద చేతిరుమాలు కప్పుకుని, హిందువుల ఇళ్ళకూ ముస్లిముల ఇళ్ళకూ పంచడానికి మేము బయలుదేరేవాళ్ళం. ముందు పంచిన తరువాతనే ఇంట్లో తినాలన్నది అమ్మ నియమం.

* * *

తాతయ్య ఊరు రేపల్లె వైపు, మాగాణి మధ్యలో ఉండేది. ఆయన వ్యవసాయ కూలీ, పల్లె గుడికి సంఘ పెద్ద. క్రిస్మస్ వచ్చే రోజులకు వరికోతలు అయిపోయి కుప్పలు పడి ఉండేవి. కూలి గింజల రూపంలో ఇంటికి వచ్చేది కనుక, పల్లెలో పేదలకు చేతిలో కాస్త మిగిలే కాలం అదొక్కటే. నాన్నగారు ఉద్యోగంలో చేరిన తరువాత ప్రతి పండుగకు ముందు "నాయనా, నీకేం తీసుకురమ్మంటావు?" అని తాతయ్యను అడిగేవారు. తాతయ్య ఏటా ఒకే జవాబు చెప్పేవాడు: "గుడి దీపానికి రెండు మాంటిళ్ళు తీసుకురా."

ఆ గుడికి కరెంటు లేదు. ఉన్నది ఒక పెట్రోమాక్స్ దీపం. దానిని వెలిగించే హక్కు తాతయ్యది. మాంటిల్ అనే ఆ పట్టులాంటి సంచిని దీపం మూతికి దారంతో బిగించి, నిప్పు తగిలిస్తే, అది మండి, తెల్లని బూడిద వలలాగా నిలిచి ఉంటుంది. తరువాత కిందనున్న చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించి, గొట్టం వేడెక్కాక పంపు కొట్టితే, కిరసనాయిలు ఆవిరై ఆ బూడిద వలను చేరి తెల్లగా మండుతుంది. ఒక పురుగు వచ్చి గట్టిగా తగిలినా, దీపం మోస్తున్న మనిషి కాలు తడబడినా ఆ వల చిల్లు పడుతుంది. క్రిస్మస్ ముందు రాత్రులలో పాటల గుంపు డప్పుతో, తాళాలతో తెల్లవారేదాకా ఇంటింటికీ తిరిగేది. ఆ రాత్రులలో కనీసం ఒక మాంటిల్ పోకుండా ఉండేది కాదు. నాన్నగారు తెచ్చిన రెండింటిలో ఒకటి దీపానికి కట్టి ఉండేది, రెండవది తాతయ్య నడుముకు చుట్టుకున్న గుడ్డలో అగ్గిపెట్టెతోపాటు ఉండేది.

ఆ గుంపు వెనుక నడిచిన రాత్రులు నాకు బాగా గుర్తున్నాయి. ఇంటి ముందు పాట ముగిశాక ఆ ఇంటివాళ్ళు దోసిలితో వడ్లు తెచ్చి సంచిలో పోసేవారు, కొందరు నాణెం వేసేవారు. ఇచ్చినవాళ్ళ ముఖాలు ఆ తెల్లని వెలుతురులో ఎలా ఉండేవో చూడడానికే తాతయ్య దీపాన్ని పైకెత్తి పట్టుకునేవాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మా క్రైస్తవుల ఇళ్ళలో "కానుక" అనే మాటకు గుడిలో ఇచ్చే అర్పణ అన్నదే మొదటి అర్థం. మాకు తెలిసిన మొదటి కానుక, తెల్ల జాకెట్టు వేసుకున్న పిల్లలం వరుసలో నడిచి సంచిలో వేసిన పది పైసల బిళ్ళ. ఆ బిళ్ళ అమ్మ చేతిలోనుంచి మా చేతిలోకి వచ్చేది. అయినా దానిని వేసేటప్పుడు అది మాదే అన్న గర్వం ఉండేది.

సింగరేణి గనుల్లో పనిచేసే మా చిన్నాన్న ఒక ఏడాది తాతయ్యకు రేడియో తెచ్చి ఇచ్చాడు. రేడియోకు తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము కట్టవలసిన రోజులవి. తాతయ్య దానిని ఇంటి లోపల ఒక్కరోజు కూడా పెట్టలేదు. వీధివైపు కిటికీలో, ముఖం బయటికి తిప్పి పెట్టించాడు. సాయంత్రం విజయవాడ కేంద్రం వార్తలకు ఆ కిటికీ కింద అరుగు నిండిపోయేది. చిన్నాన్న నొచ్చుకుని "అది నీ కోసం తెచ్చాను నాయనా" అంటే, "నాకిచ్చావు గనకనే అక్కడ పెట్టాను" అని తాతయ్య జవాబిచ్చాడు. ఈ సంగతి నాన్నగారు ఎన్నోసార్లు చెప్పారు. చిన్నాన్న నొప్పి మాత్రమే నాకు అప్పట్లో అర్థమైంది.

* * *

నాకు విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం వచ్చిన తరువాత మొదటి క్రిస్మస్‌కు సెలవు దొరకలేదు. నూటయాభై రూపాయలు మనియార్డరు చేశాను. ఆ ఫారం అడుగున సందేశం రాయడానికి కాస్త చోటు ఉండేది. డబ్బుతోపాటు ఆ ముక్కను చించి పోస్టుమాన్ చేతికి ఇచ్చేవాడు. "అమ్మకు చీర, నాన్నగారికి పంచె కొనుక్కోవాలి" అని ఇరికించి రాశాను. పట్టీలోని మొదటి పుట దానితోనే మొదలవుతున్నది. కుడివైపు "హాస్టలు పిల్లలు ఇద్దరు, పరీక్ష రుసుము" అని ఉన్నది. పసుపురంగుకు తిరిగిన ఆ మనియార్డరు ముక్క అక్కడే గుండుసూదితో గుచ్చి ఉన్నది. చీర ఎలా ఉన్నదని నేను ఉత్తరంలో అడగడం, బాగుందని అమ్మ జవాబు రాయడం నాకు జ్ఞాపకమున్నాయి. ఏ చీర బాగుందో నేను అడగలేదు. తపాలా శాఖ ఆ పాతకాలపు మనియార్డరును 2015లో ఆపివేసినప్పుడు మా బ్యాంకు మిత్రులు సంతోషించారు. నాకు మాత్రం ఆ రెండు వేళ్ళ వెడల్పు చోటు పోయినందుకు బాధ కలిగింది.

తరువాతి ఏడు నాన్నగారికి హెచ్ఎంటీ చేతిగడియారం కొన్నాను. రోజూ ఉదయం ప్రార్థన ముగిశాక కీ ఇచ్చుకునే గడియారం అది. మూడేళ్ళు పెట్టుకున్నారు. నాలుగో ఏడు మణికట్టు ఖాళీగా కనిపించింది. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిన ఒక శిష్యుడికి ఇచ్చేశానని చెప్పినప్పుడు నేను కోపంతో ఒక పూట మాట్లాడలేదు. నా మొదటి ఉద్యోగపు రోజుల సంపాదన అది. ఆ కంపెనీ గడియారాల విభాగాన్ని మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించినట్టు పత్రికలో చదివిన రోజున, నాన్నగారు ఆ శిష్యుడికి ఫోను చేసి గడియారం సంగతి అడిగారు. నడుస్తున్నదని, తన కొడుకు పెట్టుకుంటున్నాడని ఆయన చెప్పారట. ఆ మాట నాకు చెప్పడానికి నాన్నగారు అదే రాత్రి మళ్ళీ ఫోను చేశారు. కుడివైపు గడిలో శిష్యుడి పేరు పక్కన అమ్మ వేరే సిరాతో "ఆయన కొడుకు" అని చేర్చి ఉన్నది.

ఉద్యోగం పని మీద శ్రీకాకుళం వెళ్ళినప్పుడు పొందూరు ఖద్దరు పంచెలు రెండు తెచ్చాను. ఆ పత్తిని వడికేముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని నేను చెప్పగానే, నాన్నగారు పంచెను పక్కనపెట్టి ఆ సంగతే పదిసార్లు చెప్పించుకున్నారు. చేప పళ్ళు అంత సన్నగా, దగ్గరగా ఉంటాయి కనుకనే అంత సన్నని నూలు సాధ్యమవుతుందన్న విషయం ఆయన బడిలోనూ, సండే స్కూల్లోనూ ఎందరు పిల్లలకు చెప్పారో లెక్కలేదు. రెండు పంచెలలో ఒకటి ఆయన కట్టుకున్నారు, ఒకటి పక్క ఊరి గుడిలో వాక్యం చెప్పే ఉపదేశిగారికి చేరింది.

* * *

ఆ తరువాతి సంవత్సరాలు వస్తువుల సంవత్సరాలు. మిక్సీ, ఫ్రిజ్, కలర్ టీవీ, ఇన్వర్టరు, వేడినీళ్ళ గీజరు. మేము ముగ్గురమూ సంపాదనపరులం అయ్యాము. తమ్ముడు డాలస్‌లో, చెల్లెలు హైదరాబాదులో, నేను ఉద్యోగం బదిలీ చేసిన ఊళ్ళలో. ఇంట్లో లేనిది ఏమిటా అని ఫోనులో ముందుగా మాట్లాడుకుని పంచుకునేవాళ్ళం. ఒకప్పుడు అలాంటి వస్తువు వెతికితే దొరికేది. రానురాను ఏమీ దొరకకుండా పోయింది. తమ్ముడు పంపిన పార్సిళ్ళ అట్టపెట్టెలు పైకప్పు అటక మీదికి చేరాయి. వాటిలోని చలికోట్లు, చాక్లెట్ డబ్బాలు, కాళ్ళు ఒత్తే యంత్రం ఏ ఇంటికి ఎప్పుడు వెళ్ళాయో పట్టీలో తారీఖులతో సహా ఉన్నది.

ఖాళీగా ఉన్న గడి ఒకటి కనిపించింది. "చెవి మిషను" అని ఎడమవైపు ఉన్నది, కుడివైపు ఏమీ లేదు. అన్నిటికంటే ఖరీదైన కానుక అదే. నాన్నగారి వినికిడికి కొలతలు తీయించి, ఆయన చెవి అచ్చుకు తగినట్టు చేయించాము. పెట్టుకుంటే కూత వస్తున్నదని, గుడిలో పాట గరగరలాడుతున్నదని రెండు నెలలకే డబ్బాలో పెట్టేశారు. మార్పించుకుని వాడండని నేను పట్టుబట్టాను. వాడకపోవడం ఒక బాధ అయితే, అది మరెవరి చెవికీ పట్టదు కనుక ఎవరికీ ఇవ్వలేకపోవడం ఆయనకు ఇంకా పెద్ద బాధ అని పట్టీ చూశాకగాని నాకు తెలియలేదు.

రక్తపోటు చూసే మిషను సంగతి వేరు. ఇద్దరికీ వయసు మీదపడుతున్నదని, ఇంట్లో ఉంటే మంచిదని, కానుక అనుకోకుండానే ఒక క్రిస్మస్‌కు ఇచ్చి వెళ్ళాను. మళ్ళీ వేసవిలో వచ్చేసరికి సాయంత్రం నాలుగు గంటలకు వసారాలో ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. అమ్మ తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, ఒక్కొక్కరి చేయి మేజా మీద పెట్టించి, "కాసేపు మాట్లాడకుండా కూర్చో" అని కోప్పడుతూ, అంకెలు కాగితం ముక్క మీద రాసి ఇస్తున్నది. ఎక్కువ ఉన్నవాళ్ళను ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తరిమేది. పదవీ విరమణ తరువాత ఆమె గొంతులో అంతటి అధికారం నేను విని ఎన్నేళ్ళయిందో. ఆ మిషను ఎదురుగా కుడివైపు గడిలో పేరు లేదు. "వీధి" అని రాసి ఉన్నది.

ఇక్కడ ఆగి నా అభిప్రాయం చెప్పవలసి ఉన్నది. అన్నీ ఉన్న తల్లిదండ్రులకు కానుక ఎంచడం కష్టమని అందరూ అంటారు, నేనూ అన్నాను. నిజానికి వాళ్ళకు లేనిది ఒకటి ఉన్నది. ఇవ్వడానికి డబ్బు ఉన్నది, మనసు ఉన్నది. బజారుకు నడిచి వెళ్ళి, పదింటిలో ఒకటి ఎంచి, బేరం చేసి, సంచిలో మోసుకుని వచ్చి, ఎదుటి మనిషి చేతిలో స్వయంగా పెట్టే కాళ్ళూ చేతులూ లేవు. జీవితమంతా ఇచ్చినవాళ్ళకు వృద్ధాప్యంలో మొదట పోయేది అదే. కొత్త వస్తువులు తెచ్చి ఇంటిని నింపుతూ వచ్చిన మేము ముగ్గురమూ ఆ లోటును ఒక్కసారి కూడా చూడలేదు.

* * *

మెదక్ దేవాలయానికి 2024లో నూరేళ్ళు నిండుతున్నాయని పత్రికల్లో వచ్చినప్పుడు, చిన్నప్పటినుంచీ దానిని చూడాలని ఉండేదని నాన్నగారు మాటల మధ్య అన్నారు. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో మొదలుపెట్టిన లూథరన్ మిషనుకు చెందిన కుటుంబం మాది. మెదక్ గుడి వెస్లియన్లు అనే మరో క్రైస్తవ శాఖవారి కట్టడం. ఆ కాలంలో ఒకరి గుళ్ళకు ఒకరు వెళ్ళడం తక్కువ. పండుగ జనంలో ఆయనను తీసుకువెళ్ళలేము కనుక, డిసెంబరు మొదటి వారంలో, చెల్లెలి ఇంటినుంచి కారులో తెల్లవారుజామునే బయలుదేరాము.

నూట డెబ్బయి అయిదు అడుగుల గోపురం దూరంనుంచి కనబడినప్పటినుంచీ నాన్నగారు మాట్లాడలేదు. లోపల చక్రాల కుర్చీని రంగుటద్దాల కిటికీకి ఎదురుగా నిలిపాము. బయటి ఎండ వల్లనే వెలిగే ఆ బొమ్మల్లో పశువులతొట్టి మీద వెలుగు నెమ్మదిగా పెరగడం ఆయన అరగంట చూశారు. కరవు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్ళకు పని కల్పించడానికి మిషనరీ పాస్నెట్ దొరగారు ఆ కట్టడం తలపెట్టారని, పదేళ్ళపాటు సాగి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందని అక్కడివాళ్ళు చెప్పారు. తిరుగు ప్రయాణంలో చాలాసేపటికి నాన్నగారు, "ఊరికే పెట్టలేదమ్మాయీ, చేతికి పని ఇచ్చి పెట్టారు. అందుకే తిన్నవాడు తల ఎత్తుకుని తిన్నాడు" అన్నారు. ఈ ప్రయాణం కూడా పట్టీలో ఉన్నది. ఎడమవైపు "చిన్నమ్మాయి, పెద్దమ్మాయి, మెదక్". కుడివైపు "సండే స్కూలు పిల్లలకు, మూడు ఆదివారాలు".

కీర్తనల పుస్తకం సంగతి అంతకు ముందరి ఏడాదిది. నాన్నగారి కంటిచూపు తగ్గి, గుడిలో పుస్తకం తెరిచి పట్టుకుని జ్ఞాపకం మీదనే పాడుతున్నారని, మూడో చరణం దగ్గర ఆగిపోతున్నారని గమనించాను. ఆయనకు ఇష్టమైన యాభై రెండు కీర్తనలను, వెడల్పాటి కాగితాల మీద, పుటకు ఒక చరణం చొప్పున, లావుపాటి నల్ల కలంతో నాలుగు నెలలు కూర్చుని రాశాను. అక్షరం వంకర పోయిన కాగితాలను మళ్ళీ రాశాను, ఎందుకంటే నాకు అక్షరాలు దిద్దించినది ఆయనే. క్రిస్మస్ ఆరాధనలో ఆయన ఆ పుస్తకం తెరిచి చివరి చరణం దాకా పాడారు. పక్కన కూర్చున్న మరో ముసలాయన తల వంచి అందులోనుంచే పాడాడు.

పట్టీలో ఆ పుట చేరేసరికి నా గుండె వేగంగా కొట్టుకున్నది. ఎవరికి ఇచ్చారో అన్న భయం ఉన్నది, ఎవరికీ ఇవ్వలేదేమోనన్న ఆశ కూడా ఉన్నది. మిగిలినవన్నీ సిరాతో ఉండగా, ఆ ఒక్క గడిలో నాన్నగారి వణికే చేతిరాత, పెన్సిలుతో ఉన్నది. "తరువాత, పెద్దమ్మాయికి."

* * *

శాలువా దొరకలేదని చెప్పడానికి నేను పట్టీ చేతిలో పట్టుకుని బయటికి వచ్చాను. అమ్మ దానిని చూసి కాస్త సిగ్గుపడింది. "మీరు నొచ్చుకుంటారని చెప్పలేదమ్మాయీ" అన్నది. నొచ్చుకోలేదని చెప్పి, ఈసారి మీరిద్దరూ ఎవరికి ఏమి ఇవ్వాలనుకుంటున్నారో చెప్పండి అని అడిగాను. "మాకేమీ వద్దు" అన్న మాట నోటినుంచి రాకపోవడం నా జ్ఞాపకంలో అదే మొదటిసారి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హాస్టలు పిల్లలకు దుప్పట్లు అని నాన్నగారు అన్నారు. గుడి తుడిచే ఆమెకు, పాలు పోసే ఆమెకు, రక్తపోటుకు వచ్చే ఇద్దరు వితంతువులకు చీరలు అని అమ్మ అన్నది. డబ్బు మాదే అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

నేను కొని తెచ్చి ఇంట్లో పెట్టవచ్చు. అలా చేయలేదు. మంగళగిరిలో తెలిసినవాళ్ళను విచారించి, ఒక నేత కుటుంబంలోని అబ్బాయిని చీరలూ దుప్పట్లూ తీసుకుని ఇంటికి రమ్మన్నాను. మొన్న మోటారు సైకిలు మీద రెండు పెద్ద మూటలతో వచ్చాడు. వసారాలో చాప పరిచాము. అమ్మను కుర్చీలోనుంచి దించి, దిండు ఆనించి, చాప పక్కనే కూర్చోబెట్టాము. ఆ అబ్బాయి మోకాలి మీదుగా గుడ్డ జారవిడిచి పరిచినప్పుడు అమ్మ ముందుకు వంగి, అంచును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని నలిపింది. రెండు రకాల దుప్పట్లను కాదన్నది, ఉతికితే పీచు లేస్తుందట. మూడో రకాన్ని చెంపకు ఆనించుకుని చూసింది. నాన్నగారు బేరం చేశారు. ముందు గట్టిగా తగ్గించి, తరువాత ఆ అబ్బాయి మగ్గం మీద ఎన్ని గంటలు కూర్చుంటాడో అడిగి తెలుసుకుని, తగ్గించినదంతా తిరిగి కలిపి ఇచ్చారు. ఆ పూట ఎంచడంతోనే గడిచిపోయింది, భోజనం మూడు గంటలకు అయింది.

మూటకట్టుకుంటూ ఆ అబ్బాయి ఒక తెల్లచీర పక్కకు తీసి, "అమ్మగారూ, మీకొక్కటి తియ్యండి" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. ఏమి అనబోతున్నదో నాకు తెలుసు, అయినా ఎదురుచూశాను. ఆమె ఆ చీరను ఒడిలో పెట్టుకుని, మడత మీద చేయి ఉంచి, "ఇది మా అమ్మాయికి" అన్నది. పర్సులోనుంచి ఆమే డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. నోట్లు లెక్కించడానికి చాలాసేపు పట్టింది, మేమెవరమూ సాయం చేయలేదు.

సాయంత్రం దీపాలు వేశాక అమ్మ హాజరుపట్టీ నా ముందు పెట్టింది. చేయి వణుకుతున్నది కనుక ఇకనుంచి నన్నే రాయమన్నది. ఎడమవైపు ఏమని రాయాలని అడిగాను. "మంగళగిరి మూట అని రాయి" అన్నది. రాశాను. కుడివైపు గడి చిన్నది, పేర్లు చాలా ఉన్నాయి. నాన్నగారు వినబడడానికి కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు. అమ్మ కళ్ళు మూసుకుని, హాస్టలు పిల్లల పేర్లు చిన్నవాళ్ళ దగ్గరనుంచి మొదలుపెట్టి చెప్పసాగింది. నేను అక్షరాలు చిన్నవి చేసి రాసుకుంటూ వెళ్ళాను.